ఆగిన మెషీను ఇచ్చిన జవాబు

లాకప్ ఎదుటి గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. రేపు సరిగ్గా ఇదే వేళకు సాక్షిని కోర్టులో నిలబెడతారు. అక్కడి నుంచి జైలుకు.

"అక్కా, నువ్వు ఇగ రాకు," అంది సాక్షి కటకటాల అవతలి నుంచి. ఆమె ఏడవడం కూడా మానేసి రెండు రోజులైంది. "మా అమ్మకు చెప్పు, వకీలు గికీలు వద్దని. గంగుబాయి బిడ్డ మనిషిని చంపిందని మా విడీ ఘర్కుల్ బస్తీ అంత తెలిసిపాయె. నేను బయటికొచ్చి ఇగ ఏం జెయ్యాలె?"

సాక్షి తల్లి పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ మేఘన స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది. కొత్త మెట్టెలు గచ్చు మీద టక్కుమన్నాయి. పెళ్లై పదిహేడు రోజులైనా ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. ఇప్పుడు మాత్రం రాలేదు.

జరిగింది షోలాపూర్ ఊరందరికీ తెలుసు. పోయిన గురువారం, అమావాస్య. పొద్దున పదకొండూ అయిదుకు నేతగాళ్ల సొసైటీ వారి రంగుల కార్ఖానాలో బాయిలర్ పేలింది. రంగుల మేస్త్రి నర్సప్ప అక్కడికక్కడే పోయాడు. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే సైరన్ మోగాలి. మోగలేదు. ఇరవై మూడు నిమిషాల ముందు, పదీ నలభై రెండుకు, ఎవరో సొసైటీ వెబ్‌సైటులోంచి సైరన్ ఆపేశారు. రికార్డులో ఉన్న పేరు సాక్షిది. సొసైటీ కంప్యూటర్లను చూసుకునేదీ ఆమే. పైగా వారం ముందే నర్సప్ప, 'ఈ పిల్లకు పని మీద ధ్యాస లేదు, తీసేయండి' అని సొసైటీకి అర్జీ పెట్టాడు. పోలీసులకు రికార్డూ దొరికింది, కారణమూ దొరికింది. ఇక వెతకడం మానేశారు.

"గురువారం పదీ నలభై రెండుకు నువ్వేం నొక్కినవ్? మళ్లొక్కసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె అక్కా? ఇంట్లకెళ్లి లాగిన్ అయి బాయిలర్ ప్రెజర్ చూసిన. దినాం చూస్త. 'చూడు' అని ఉంటది, గది నొక్కిన. 'అంతా ఠీక్' అని వచ్చింది. గంతే."

"నువ్వు నొక్కింది వెనక ఏ మెషీనుకు పోతది?"

"రెండో నంబరుకు. వెనక మూడున్నయి గద. ముందు మెషీను ఒక్కొక్కరిని ఒక్కొక్కదానికి ముడేసి పెడతది. నేను ఎప్పుడు వచ్చినా రెండో నంబరుకే తోలుతది."

"ఆ రోజు రెండో నంబరు మంచిగనే ఉండెనా?"

సాక్షి మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో ఆశ లేదు, విసుగు మాత్రమే ఉంది.

"మంచిగ లేకుంటే జవాబెట్ల ఇస్తదక్కా?"

బయటికొచ్చి స్కూటర్ మీద కూర్చున్నాక కూడా మేఘన చెవుల్లో ఆ మాటే తిరిగింది. జవాబెట్ల ఇస్తది? నాలుగు రోజుల్లో పోలీసులైనా, తనైనా ఆ ప్రశ్న వేసుకోలేదు. సైరన్ ఆపమన్న మాట లోపలికి వచ్చింది ఎవరి పేరున అని చూశారు గానీ, దానికి లోపలి నుంచి పలికింది ఎవరు అని చూడలేదు.

*

కొంతం చౌక్ వెనక సొసైటీ షెడ్డులో ఒకప్పుడు ఇరవై సాంచాలు నడిచేవి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి వేరే చోటికి పోయాక మిగిలిన ఒక మూల గదిలో కంప్యూటర్లు పెట్టారు. కాపలాకు ఎల్లయ్య. డెబ్బై ఏళ్లుంటాయి. నలభై ఏళ్లు ఇదే షెడ్డులో నేసి, చూపు మందగించాక ఇక్కడే తాళాలు పట్టుకున్నాడు.

మేఘన వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. ముందు తిను, తర్వాత అడుగు అన్నాడు ఎల్లయ్య. ఆమె డబ్బా విప్పింది. కడక్ రొట్టె, పల్లీల చట్నీ, పైన ఒక పచ్చిమిరపకాయ. పొద్దున్నే లేచి మంగేశ్ కట్టిన డబ్బా. చేసుకున్నవాడు డబ్బా కట్టివ్వడం మేఘన పుట్టింట్లో ఎన్నడూ చూడలేదు. మిరపకాయను చూసి కూడా మురిసిపోయింది.

సరిగ్గా అప్పుడే మంగేశ్ ఫోన్.

"తిన్నవా?"

"తింటున్న. నువ్వు?"

"నేను అక్కల్‌కోట్‌ల ఉన్న, లైను పని. సాయంత్రం దాక రాను. చట్నీల ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అని ఫోను పెట్టేసి, కాసేపు ఊరికే నవ్వుకుంది. మంగేశ్ ఇంటింటికీ ఇంటర్నెట్ లైన్లు వేసే కంపెనీలో పని చేస్తాడు. పెళ్లికి ముందే ఇంట్లో అటక మీద ఒక నల్ల డబ్బా పెట్టాడు. ఆఫీసు టెస్టింగుకట. దాని నీలం దీపం సందెవేళ చుక్కలా మిణుక్కుమంటుంది. ఇంటి లైనుకు మారని నంబరు కూడా వేయించాడు. "చివర్ల నూట పదిహేడు. పదకొండో నెల, ఏడో తారీకు. మన పెండ్లి తారీకు ఏరి ఏరి పెట్టిచ్చిన," అని చెప్పుకుని గొప్పలు పోయాడు. ఇంటర్నెట్ నంబరుతో ప్రేమ చూపించే మొగుడు ఈ షోలాపూర్లో ఇంకెవరికైనా ఉన్నాడా అనుకుంది ఆ రోజు.

ఎల్లయ్య గది తాళం తీశాడు. తలుపు పక్కన బల్ల మీద ఒక మెషీను. దాని వెనక ఇనప అరల్లో మూడు, పైన ఒకటి రెండు మూడు అని సుద్దతో అంకెలు.

"తాతా, ఇవేం జేస్తయో నీకు ఎర్కేనా?"

"సాక్షి చెప్పింది బిడ్డా. ముందటిది గుమాస్తా. గిరాకీలను వాడే తీసుకుంటడు. ఎన్కవి మూడూ సాంచాలు. ఏ పని ఏ సాంచాకియ్యాల్నో గుమాస్తా ఇస్తడు. ఒకటి ఆగితె ఆ పని ఇంకోదానికి తిప్పుతడు. చద్దరు కొన్నోనికి ఏ సాంచా మీద నేసిన్రో ఏం ఎర్క?"

మేఘన వంగి మొదటి నంబరు చూసింది. పవర్ బటన్ చుట్టూ ఎర్రగా కొత్త కుంకుమ. రెండో నంబరుకూ అంతే. పైన ఒక ఎండిన నిమ్మకాయ, అగ్గిపుల్లంత మిగిలిన ఊదుబత్తి మొదలు. మూడో నంబరు బొట్టు మాత్రం వెలిసిపోయి, దుమ్ము పట్టి ఉంది.

"మూడోదానికి కొత్త బొట్టు లేదేంది?"

ఎల్లయ్య ముఖం వాడిపోయింది. "పెట్టబోతుంటేనే గద ఆ పెద్ద చప్పుడయింది. కుంకుమ పళ్లెం చేతులకెళ్లి జారిపడ్డది. నర్సప్ప పోయిండని అప్పుడు నాకేం ఎర్క..."

మేఘన నిటారుగా నిలబడింది.

"అమావాస్య నాడు వీటికి పూజ చేస్తవా?"

"ఎందుకు చెయ్య? నలభై ఏండ్లు సాంచాలకు చేసిన. అమావాస్యకు సాంచా ఆపాలె, దుమ్ము దులపాలె, బొట్టు పెట్టాలె, ఊదుబత్తి ఆరేదాక దాన్ని ముట్టొద్దు. నడుస్తున్నదానికి బొట్టు పెడితె వేలు పోతది. ఒకదాని ఎన్క ఒకటి ఆపుత. మూడూ ఒక్కసారి ఆపితె పని ఆగుతది గద."

"వీటిని గూడ ఆపుతవా?"

"ఆపుత. బటన్ ఒత్తి పట్టుకుంటె ఆగుతయి."

"సాక్షికి ఎర్కేనా?"

"ఆ పిల్లకెందుకు చెప్పుడు? ఎవ్వలికీ తేడా తెల్వది. ఒకటి ఆగితె తక్కినయి పని చేస్తనే ఉంటయి."

మేఘన గబగబా లాప్‌టాప్ విప్పి రెండో నంబరుకు తగిలించింది. పాస్‌వర్డు చీటీ సాక్షి ఇచ్చిందే. ఆ మెషీను తన గురించి తను రాసుకున్న రికార్డు తెరిచింది. గురువారం పదీ పదిహేడు: ఆగింది. పదకొండూ మూడు: లేచింది. నడుమ ఒక్క అక్షరం లేదు.

పదీ నలభై రెండుకు రెండో నంబరు ఆగి ఉంది. నెత్తి మీద నిమ్మకాయతో, కుంకుమ బొట్టుతో, ఊదుబత్తి పొగలో ఆగి ఉంది. అయినా పదీ నలభై రెండుకు సాక్షికి జవాబిచ్చింది రెండో నంబరే అని ముందు మెషీను రికార్డు చెబుతోంది.

"తాతా, నీ అమావాస్య పూజ సంగతి ఇంకెవరికైనా తెల్సా?"

ఎల్లయ్య గడ్డం గోక్కున్నాడు. "పోయిన అమావాస్యకు లైను పోరడొకడు వచ్చిండు, దీపావళి నాడు. వైరు మార్చాలన్నడు. నేను పూజల ఉంటిని. నిలబడి అంత చూసిండు. 'ప్రతి అమావాస్యకు గిట్లనే చేస్తవా తాతా? ఇదే వరసనా?' అని అడిగిండు. మంచి పోరడు. కొబ్బరికాయ కొట్టి ముక్కలిస్తె తినలే. చేసుకోబోయే పిల్లకని పసుపుపచ్చ దస్తీల మూటగట్టుకొని పోయిండు."

మేఘన చప్పున నవ్వింది. ఎంత ముచ్చటైన పోరడు! ఆ నవ్వు సగంలోనే ఆగింది.

దీపావళి నాటి సాయంత్రం. పుట్టింటి మెట్ల మీద. పసుపుపచ్చ దస్తీ విప్పి, 'పూజ కొబ్బరి, నీకోసమే తెచ్చిన' అన్న చెయ్యి.

పసుపుపచ్చ దస్తీలు కొంతం చౌక్‌లో ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి, అనుకుంది గట్టిగా. లైను పోరలు ఊళ్లో వందమంది ఉన్నారు, అని కూడా అనుకుంది.

*

మూడున్నరకు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ వినాయక్ కదం, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, లక్క, దారం. వినాయక్ మరాఠీవాడే అయినా జోడ్‌భావి పేట్ గల్లీల్లో మంగేశ్‌తో కలిసి గోళీలాడి పెరిగాడు. తెలుగులో తెలుగువాళ్ల కన్నా బాగా తిట్టగలడు. మేఘనను మాత్రం మరాఠీలోనే 'వహినీ' అంటాడు, వదినా అని.

"కాయ్ వహినీ, పారాణి ఆరకముందే డ్యూటీనా? అయిదు గంటలకు మెషీన్లు సీల్ చేస్తున్న. మీ సామాను తీసుకోండి."

"సీల్ చేసే ముందు ఒక్కటి చూడండి సాహేబ్. మీరు ముందు మెషీను రికార్డు ఒక్కటే కాపీ తీసుకున్నరు. వెనకవాటిని తెరవలేదు."

"కశాలా? ఎందుకంట? దొంగ ఏ తలుపుకెళ్లి వచ్చిందో రాసి ఉన్నంక వంటిల్లు ఎందుకు వెతకాలె?"

"వంటింట్ల ఎవరూ లేనప్పుడు అన్నం ఎవరు వడ్డించిన్రో అడగొద్దా?"

ఆమె రెండో నంబరు రికార్డు చూపించింది. బొట్టు చూపించింది, మూడోదాని వెలిసిన బొట్టు చూపించింది, ఎల్లయ్య చేత మళ్లీ చెప్పించింది. వినాయక్ చేతులు కట్టుకుని విన్నాడు.

"ముసలాయన సాక్షి వాడకట్టు మనిషి. పిల్ల కోసం అబద్ధమాడుతడు."

"మెషీను ఎవరి వాడకట్టు సాహేబ్?"

"సరే, రెండోది ఆగింది. అయితే గుమాస్తా ఆమె పనిని ఒకటికో మూడుకో ఇచ్చి ఉంటడు."

"ఇస్తే ఒకటి అనో మూడు అనో రాసుకుంటడు. రెండు అని రాసుకున్నడు. జవాబు సరిగ్గా వచ్చింది అని గూడ రాసుకున్నడు. ఆగిపోయిన సాంచా మీద చద్దరు దిగింది. ఎట్ల?"

వినాయక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది అతను ఓడిపోబోయే ముందు చేసే పని అని మంగేశ్ ఒకసారి చెప్పాడు. మంగేశ్ పేరు మనసులోకి రాగానే మేఘన తెర వైపు తిరిగింది.

"ముందు మెషీను లిస్టు తెరవండి," అన్నాడు వినాయక్. "నా ముందర."

వెనక ఏయే మెషీన్లున్నాయో, ఎవరి అడ్రసు ఏమిటో గుమాస్తా దగ్గరుండే లిస్టు అది. నాలుగు వరసలే ఉన్నాయి. ఒకటో నంబరుకు ఒక అడ్రసు, ఈ గదిదే. మూడో నంబరుకు ఒకటి, ఈ గదిదే. రెండో నంబరుకు మాత్రం రెండు వరసలు. మొదటిది ఈ గదిదే. రెండోది బయటిది. దాని పక్కన ఒక చిన్న మాట: బ్యాకప్. అంటే, మొదటిది పలకకపోతేనే దీన్ని పిలువు అని.

మామూలు రోజుల్లో ఆ వరసకు పనే లేదు. రెండో నంబరు ఆగిన ముప్పావు గంటలో మాత్రమే, నెలకు ఒక్కసారి, ఎల్లయ్య ఊదుబత్తి కాలుతున్నంతసేపే అది మేల్కొంటుంది. సాక్షి ఎక్కడో ఇంట్లో కూర్చుని 'చూడు' అని నొక్కింది. గుమాస్తా ఆ మాటను మోసుకెళ్లి ఆ బయటి మెషీను చేతిలో పెట్టాడు. అది సాక్షికి 'అంతా ఠీక్' అని చెప్పి, సాక్షి పేరు పెట్టి సైరన్ ఆపింది.

వినాయక్ వేలితో తెర మీద అడ్రసు చదివాడు. చివరి నంబరు దగ్గర ఆగాడు.

"నూట పదిహేడు. ఎవరిదిది?"

మేఘన నోట్లో ఇంకా పల్లీల చట్నీ రుచి ఉంది.

"తెలుసుకోవాలె," అంది. "ఇక్కడి నుంచి సెకనుకు ఒకసారి దాన్ని పిలుస్త. పలికినప్పుడల్లా తెర మీద ఒక వరస పడతది. మీరు చూస్తుండండి. నేను ఒక ఫోన్ చేసుకొని వస్త."

తెర మీద వరసలు పడడం మొదలైంది. పలికింది. పలికింది. పలికింది.

ఆమె షెడ్డు ముందరి వాకిట్లోకి నడిచింది. దండేల మీద రంగు నూలు ఆరుతోంది. ఫోను తీసి అత్తకు కలిపింది. అది తమ ఇంటిది కాకపోతే బాగుండు, అనుకుంది. కాకపోతే సాక్షికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. అయినా కాకపోతేనే బాగుండు.

"అత్తమ్మా, అటక మీద నల్ల డబ్బా ఉంది గద, దాని వైరు ఒక్కసారి పీకుతరా?"

"ఏందే, గా నీలి బుడ్డిదా?" అంది అత్త యల్లమ్మ. "పొద్దుగాల నుంచి మిణుకు మిణుకుమంటుండె, ఇప్పుడైతె దయ్యం పట్టినట్టు కొట్టుకుంటుంది. మంచిదే, పీకుత. ఆగు, స్టూలెక్కాలె. నా మోకాళ్ల సంగతి నీకెర్కే. నీ మొగడు చూస్తె నన్ను తిడతడు సుమా."

స్టూలు ఈడ్చిన చప్పుడు. ఆయాసం. "ఆఁ, పీకిన."

"వహినీ!" లోపలి నుంచి వినాయక్ కేక. "బంద్ పడ్డది! పలుకుతలేదు!"

మేఘన కళ్లు మూసుకుంది.

"మళ్ల పెట్టండి అత్తమ్మా."

"ఆటలాడుతున్నవా ఏందే నాతోని? ...పెట్టిన."

"పరత్ సురూ!" వినాయక్ గొంతులో పిల్లాడి ఉత్సాహం. "వహినీ, మళ్ల పలుకుతుంది! మీరు ఏం మంత్రమేస్తున్నరు?"

ఇక అనుమానం లేదు. నర్సప్ప మంగేశ్‌కు ఏమవుతాడు? ఏమీ కాడు, ఆమెకు తెలిసినంతలో. ఆమెకు తెలిసిందల్లా పదిహేడు రోజులు.

"అత్తమ్మా, దాన్ని ఇగ ఎవ్వలినీ ముట్టనియ్యకండి. తలుపు గొళ్లెం పెట్టి..."

"ఎవ్వలు ముడతరే? ఇగో, మంగేశ్ గూడ వచ్చిండు. స్టూలు మీద నన్ను చూసి నిలబడ్డడు. ఇగో మాట్లాడు."

అక్కల్‌కోట్‌లో సాయంత్రం దాకా ఉండాల్సిన మనిషి. గడియారం నాలుగూ పది.

"మేఘనా," అన్నాడు మంగేశ్. చట్నీలో ఉప్పు గురించి అడిగినప్పటి గొంతే. "షెడ్డుల ఉన్నవా?"

ఆమె షెడ్డు గుమ్మం వైపు అడుగు వేసింది.

"ఒక్కదానివే ఉన్నవా?"

జవాబు కోసం ఆగకుండానే అవతల ఫోను పెట్టేశాడు.

ఆమె గుమ్మం దాటేసరికి వినాయక్ తెర మీదికి వంగి ఉన్నాడు. "మళ్ల బంద్ చేసిన్రా? చాలు వహినీ, నాకు సమజైంది."

"ఈసారి నేను చెయ్యలే," అంది మేఘన.

వినాయక్ ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. నోటుబుక్కు తీశాడు. "చూడండి, డబ్బా చేతిల లేకుంటే ఈ లిస్టు చిత్తుకాగితం. సాక్షే టైప్ చేసుకుందని అంటరు. రేపు పదకొండున్నరకు ఆ పిల్ల లోపలికి పోతది. ఎవరిల్లు? జల్దీ చెప్పండి."

ఇక్కడి నుంచి ఆ ఇంటికి జీపులో పది నిమిషాలు. ఒక డబ్బాను పగలగొట్టి బియ్యం గుమ్మి కింద దాచడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పినా సాక్షి దక్కకపోవచ్చు. చెప్పాక తనకంటూ ఏమీ మిగలదు. నాకు తెలియదు అనడానికి రెండే మాటలు. ఎల్లయ్య గోడకు ఆనుకుని, తన పూజ వల్లే ఇదంతా జరిగిందేమో అన్నట్టు, ఇందాక బొట్టు ముట్టినప్పుడు చేతి వేళ్లకు అంటుకున్న కుంకుమను పంచెకు తుడుచుకుంటున్నాడు.

"రాసుకోండి," అంది. "జోడ్‌భావి పేట్. మారుతి గుడి గల్లీ. ఎడమ చేతికి మూడో ఇల్లు, పచ్చ తలుపు."

వినాయక్ పెన్ను 'పచ్చ' దగ్గర ఆగింది. ఆ తలుపుకు పోయిన నెల రంగు వేసింది అతనూ మంగేశూ కలిసే.

"లైను... ఎవరి పేరు మీద ఉంది?" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ కాబట్టి అడిగాడు.

పదిహేడు రోజుల కింద అదే పచ్చ తలుపు ముందు, కొత్త పెళ్లికూతురు బియ్యం చెంబు ముందర నిలబడితే, ఇదే వినాయక్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. 'మొగుడి పేరు చెప్పనిదే లోపలికి లేదు వహినీ!' అప్పుడు ఆమె తల వంచుకుని, నవ్వాపుకోలేక, మూడోసారి అడిగితే గానీ చెప్పలేదు.

ఇప్పుడు మొదటిసారికే చెప్పింది.

"మంగేశ్."